దాయాదుల డిస్కులు

ఒకే యింట పుట్టి వేరుపడిన దాయాదులలో ఒకరి దస్తావేజును మరియొకరు చదువగలరు. లిపి యొకటే, కొలతల లెక్క యొకటే, అడుగున నున్న తాతగారి చేవ్రాలును ఇరువురును గుర్తింపగలరు. ఐనను పంపకములైన పిమ్మట ఎవరి ప్రతియందు వారు అంచులవెంట వ్రాసికొన్న షరతులు రెండవవారికి తెలియవు గనుక, తెలియని సంగతి యొకటి కలదన్న ఎఱుకయు వారికి ఉండదు గనుక, పరాయివానితో వచ్చు తగవుకంటె ఆ తగవే ఎక్కువ చిక్కుపడును. యూనిక్స్ వంశమునకు చెందిన ఆపరేటింగ్ సిస్టములు ఒకదాని డిస్కును మరియొకటి చదువబూనిన అర్ధశతాబ్ది చరిత్ర దాదాపు ఇట్టిదే. సంబంధములేని వ్యవస్థకు చెందిన డిస్కును తగిలించినచో కెర్నలు తనకు తెలియదని వెంటనే తిరస్కరించును. సోదరవ్యవస్థ డిస్కును తగిలించినచో తెలిసినదే యని తెఱచి, చదివి, ఒక్కొక్కప్పుడు వ్రాసియు, ఏవో రెండు డైరెక్టరీలు చెడిపోయినవని యజమాని తనంతట తాను కనుగొనువఱకు ఏ ఫిర్యాదును చేయకుండును.

ఈ వంశము 1969లో న్యూజెర్సీలోని మర్రే హిల్‌నందు, బెల్ లేబొరేటరీస్ వారి భవనమున ఆరంభమయ్యెను. అందును ఆపరేటింగ్ సిస్టముకంటె ముందు రూపుగట్టినది ఫైల్ సిస్టమే యనుట గమనింపదగిన విషయము. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ, రడ్ కెనడే అను మువ్వురు నల్లబల్లలపై గీతలు గీసి దాని స్వరూపమును నిర్ణయింపగా, పెద్దగా పనిలేక పడియున్న ఒక పీడీపీ-7 యంత్రముపై థాంప్సన్ దానిని నిర్మించెను. ఫైలు పేరొక చోటను, ఫైలు వివరములు వేఱొక చోటను ఉంచవలెనన్నది ఆ కాలపు ముఖ్యమైన ఊహ. డైరెక్టరీ యనునది ఒక పేరును ఒక సంఖ్యతో జతపఱచు పట్టిక మాత్రమే. ఆ సంఖ్య చూపు తావున ఐనోడు ఉండును. యజమాని యెవరు, అనుమతులేవి, పరిమాణమెంత, దత్తాంశము ఏయే బ్లాకులలో నున్నది అను సమాచారమంతయు ఐనోడునందే యుండును. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ సంచికయందు డైరెక్టరీలోని ఒక్కొక్క పద్దు సరిగా 16 బైట్లు. అందులో 2 బైట్లు ఐనోడు సంఖ్యకు, 14 బైట్లు పేరునకు.

డిస్కును పంచుకొనుట ఆనాడొక సమస్యయే కాదు. ఒక ప్రయోగశాలలోని పీడీపీ-11 నుండి సుమారు రెండున్నర మెగాబైట్లు పట్టు ఆర్‌కే05 డిస్కును పెట్టెతో సహా ఊడదీసి, చంకనిడుకొని పోయి, వేఱొక శాలలోని పీడీపీ-11కు తగిలించినచో పని జరుగుచుండెను. యంత్రమొకటే, వ్యవస్థయు ఒకటే. డిస్కు మొదటనుండు సూపర్‌బ్లాకులో, ఇది ఫలానా జాతికి చెందినదని తెలుపు గుర్తుసంఖ్య సైతము ఏడవ సంచికలో లేదు. వేఱొక జాతి యున్నప్పుడు గదా గుర్తుతో అవసరము!

చిక్కు మొదట వచ్చినది యంత్రముల వలన. పీడీపీ-11 తన 16 బిట్ల పదమునందు చిన్న బైటును ముందుంచును. 32 బిట్ల సంఖ్యయందు మాత్రము పెద్ద సగమును ముందుంచును. ఇంటర్‌డేటా వంటి యంత్రములు అన్నిటను పెద్ద బైటునే ముందుంచును. 1970ల చివరి భాగమున యూనిక్స్ పీడీపీ-11ను విడిచి ఇతర యంత్రములకు తరలుచున్నప్పుడు, ఈ భేదమువలన రెండేసి అక్షరములు తారుమారై ‘యు, ఎన్, ఐ, ఎక్స్’ అను నాలుగక్షరములు ‘ఎన్, యు, ఎక్స్, ఐ’ అని అచ్చుపడుటకు వీలు కలిగెను. ఆనాటినుండి ఈ జబ్బునకు ‘నక్సీ’ సమస్య యను పరిహాసనామము స్థిరపడినది. 1980 ఏప్రిల్ 1వ తేదీన డానీ కోహెన్ ఈ వివాదముపై ఒక వ్యాసము వ్రాసి, గ్రుడ్డును ఏ కొననుండి పగులగొట్టవలెనని పోరాడిన వారి కథను స్విఫ్ట్ రచించిన గలివర్ యాత్రలనుండి ఎరువు తెచ్చి, ఇరుపక్షములకును పేర్లు పెట్టెను. వ్యాసము ఎల్లరకును నచ్చినది. పోరు మాత్రము ఆగలేదు. డిస్కుపై వ్రాయు సంఖ్యలను ఏ యంత్రము ఆ యంత్రము తన కనుకూలమైన వరుసలోనే వ్రాయుట యను అలవాటు అటుతరువాతను చాలకాలము కొనసాగెను.

ఇక బర్క్‌లీ కథకు వత్తము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున వ్యాక్స్ యంత్రములపై నడచుచున్న యూనిక్స్ డిస్కు వేగము చూచి అచటివారు విసిగిపోయిరి. 150 మెగాబైట్ల ఫైల్ సిస్టములో మొదటి 4 మెగాబైట్లు ఐనోడులు, తక్కిన 146 మెగాబైట్లు దత్తాంశము. ఏ ఫైలు చదువవలెనన్నను డిస్కు ముల్లు మొదటికిని నడిమికిని పరుగెత్తవలసినదే. ఖాళీ బ్లాకుల జాబితా వాడుకలో చెల్లాచెదరగుటచే, కొత్తగా నిర్మించినప్పుడు సెకనునకు 175 కిలోబైట్లిచ్చిన డిస్కు కొద్దివారములలో 30 కిలోబైట్లకు దిగజారుచుండెను. మార్షల్ కర్క్ మెక్‌క్యూసిక్, బిల్ జాయ్, శామ్యూల్ లెఫ్లర్, రాబర్ట్ ఫాబ్రీ అను నలుగురు దీనికి చేసిన చికిత్సయే ఫాస్ట్ ఫైల్ సిస్టము. వారు డిస్కును సిలిండర్ గ్రూపులుగా విభజించి, ప్రతి గ్రూపునకును స్వంతముగా ఐనోడులను, బ్లాకులను ఇచ్చి, ఒక డైరెక్టరీలోని ఫైళ్లు సాధ్యమైనంతవఱకు ఒక గ్రూపుననే యుండునట్లు చేసిరి. బ్లాకును 1024 బైట్లనుండి 4096కును 8192కును పెంచిరి. పెద్ద బ్లాకు వేసినచో చిన్న ఫైళ్లవలన స్థలము వృథాయగును. వారి కొలతలలోనే 4096 బైట్ల బ్లాకులతో 45.6 శాతము వృథా తేలినది. కాబట్టి ఒక్కొక్క బ్లాకును తునకలుగా పంచియిచ్చు ఏర్పాటును కూడ చేసిరి. పేరు 255 అక్షరములవఱకు సాగవచ్చునని సడలించిరి. సూపర్‌బ్లాకు చెడినచో సర్వమును చెడును గనుక దాని నకళ్లను ప్రతి గ్రూపునందును దాచిరి. 1983 ఆగస్టులో బర్క్‌లీ యూనిక్స్ సంచికయైన 4.2బీఎస్‌డీతో ఇది లోకమునకు చేరినది. డిస్కు సామర్థ్యమున 47 శాతమువఱకు రాబట్టితిమని వారు మఱుసటి యేడు ప్రకటించిరి. పాత పద్ధతికి దక్కినది రెండు నాలుగు శాతములు మాత్రమే.

ఈ సారి సూపర్‌బ్లాకునందు గుర్తుసంఖ్య యుండెను. షోడశాంశ పద్ధతిలో అది 011954. మెక్‌క్యూసిక్ జన్మించినది 1954 జనవరి 19వ తేదీన. పిదప రెండవ తరమునకు వాడిన సంఖ్య 19540119. అదే తేదీ, వరుస మాత్రము వేఱు. లోకమందలి లెక్కలేనన్ని సర్వర్లు విద్యుత్తు రాగానే మొట్టమొదట ఒక పెద్దమనిషి పుట్టినరోజును సరిచూచికొని మఱి పనికి దిగుచున్నవన్నమాట! జాతకములయందు నమ్మకములేని వారి దేశమున ఇట్టిది జరుగుట నాకెప్పుడును ముచ్చటగానే తోచును.

జాయ్ 1982లోనే సన్ మైక్రోసిస్టమ్స్‌కు వెడలిపోయెను. బర్క్‌లీ ఫైల్ సిస్టము సన్ఓఎస్‌లో కుదురుకొనెను. డిజిటల్ వారి అల్ట్రిక్స్, హ్యూలెట్ పాకార్డ్ వారి హెచ్‌పీ-యూఎక్స్, స్టీవ్ జాబ్స్ స్థాపించిన నెక్స్ట్ కంపెనీవారి నెక్స్ట్‌స్టెప్ అన్నియు ఆ మూలమునుండియే తీసికొన్నవి. తీసికొన్నవారందఱును తమ యవసరమునుబట్టి సూపర్‌బ్లాకులో ఖాళీగా విడువబడిన గదులను తలకొక తీరున నింపుకొనిరి. ఈ చెదరినతనమును ఒక్క చూపున చూడగోరువారు లినక్స్ కెర్నలులో ఈ ఫైల్ సిస్టమును చదువు యూఎఫ్ఎస్ విభాగపు సహాయపత్రమును చదువవలెను. అచట మౌంటు చేయుటకుముందు ‘యూఎఫ్ఎస్‌టైప్’ అను వికల్పమును మనమే చెప్పవలెను: ‘ఓల్డ్’, ‘44బీఎస్‌డీ’, ‘సన్’, ‘సన్ఎక్స్86’, ‘యూఎఫ్ఎస్2’, ‘హెచ్‌పీ’, ‘నెక్స్ట్‌స్టెప్’, ‘నెక్స్ట్‌స్టెప్-సీడీ’, ‘ఓపెన్‌స్టెప్’. ఒక్కొక్క పేరునకెదురుగా కొన్నింటికి వ్రాతయు కలదని, కొన్నింటికి చదువు మాత్రమే యని సూచించిరి. కెర్నలునకు గుర్తుసంఖ్య తెలియును. ఐనను ఆ గుర్తు క్రింద ఎవరి శాఖ నడచుచున్నదో అది చెప్పలేదు. వంశవృక్షమును మనిషి కంఠస్థము చేయవలెను.

శాఖాభేదమెంత సూక్ష్మముగా నుండునో ఒక్క చోట దగ్గఱగా చూతము. 4.2 నాటి డైరెక్టరీ పద్దులో 4 బైట్ల ఐనోడు సంఖ్య, 2 బైట్లలో పద్దు నిడివి, మరి 2 బైట్లలో పేరు నిడివి, ఆపై పేరు. పేరు 255ను మించదు గనుక దాని నిడివికి ఒక్క బైటు చాలును; రెండవది ఊరకే పడియున్నది. 4.4బీఎస్‌డీ నిర్మాతలు దీనిని కనిపెట్టి, ఆ రెండు బైట్లను విడదీసి, మొదటిదానిని ఫైలు రకమునకును, రెండవదానిని పేరు నిడివికిని కేటాయించిరి. ఇపుడు అయిదక్షరముల పేరుగల పాత పద్దునొకదానిని తీసికొందము. పెద్ద బైటును ముందుంచు స్పార్క్ యంత్రము దానిని వ్రాసియున్నచో ఆ రెండు బైట్లు 0, 5 అగును; కొత్త కెర్నలు దానిని ‘రకము 0, నిడివి 5’ అని చదువును; రకము సున్న యనగా తెలియదని యర్థము గనుక ఏ హానియు లేదు. చిన్న బైటును ముందుంచు వ్యాక్స్ వ్రాసియున్నచో అవియే 5, 0 అగును; కొత్త కెర్నలునకు కనబడునది ‘రకము 5, నిడివి 0’, అనగా పేరేలేని పద్దు. అందుచేత పాత రూపమైనచో ఈ రెంటిని తారుమారు చేసి చదువుమను పంక్తులను కెర్నలునందు ప్రత్యేకముగా వ్రాయవలసివచ్చెను. ఒక్క బైటును పొదుపుగా వాడినందులకు చెల్లించిన మూల్యమిది. ఆ పొదుపు తప్పని నేననను. డైరెక్టరీని చదువునప్పుడే ఫైలు రకము తెలియుటవలన కలిగిన లాభము చిన్నది కాదు.

1992లో విలియం, లిన్ జోలిట్జ్ దంపతులు 386బీఎస్‌డీని వెలువరించి బర్క్‌లీ యూనిక్స్‌ను సామాన్యుల పీసీలపైకి తెచ్చిరి. దానినుండి మఱుసటి యేడే నెట్‌బీఎస్‌డీయు, ఫ్రీబీఎస్‌డీయు పుట్టినవి. 1995లో థియో డి రాట్ నెట్‌బీఎస్‌డీనుండి వేరుపడి ఓపెన్‌బీఎస్‌డీని స్థాపించెను. 2003లో మాథ్యూ డిలన్ ఫ్రీబీఎస్‌డీనుండి డ్రాగన్‌ఫ్లైని చీల్చెను. ఒకే మూలము, ఒకే ఫైల్ సిస్టము, ఒకే జాతి పీసీ. ఇక డిస్కును పంచుకొనుట సులభమగునని తలచినవారు మొదటి మెట్టునందే తొట్రుపడిరి. ఏలయన ఫైల్ సిస్టమును చేరుటకు ముందు పార్టిషనును చేరవలెను.

పీసీ డిస్కునందు మొదటి సెక్టరులోని పట్టికకు నాలుగే గళ్లు. బీఎస్‌డీకి అవి చాలవు గనుక ఒక గడిని తాను పుచ్చుకొని, దానిలోపల డిస్క్‌లేబులను మరియొక పట్టికను పెట్టి, అక్షరములతో పేర్లు పెట్టును: ‘ఎ’ మూలమునకు, ‘బి’ స్వాపునకు. ‘సి’ యనగా ఓపెన్‌బీఎస్‌డీలో డిస్కంతయు. ఫ్రీబీఎస్‌డీలో ఆ గడి యంతయు. పీసీపైనున్న నెట్‌బీఎస్‌డీలో తన వాటా మాత్రమే, డిస్కంతయు కావలెనన్నచో ‘డి’. గడినంతటిని గుర్తించు సంఖ్య మొదట అందఱకును 165 ఉండెను. ఒకే డిస్కుపై ఇరువురు కాపురమున్నచో ఏ గడి యెవరిదో తేల్చుట బూటు కార్యక్రమమునకు వశము గాకుండెను. పిమ్మట ఓపెన్‌బీఎస్‌డీ 166ను, నెట్‌బీఎస్‌డీ 169ని తీసికొని వేరుకుంపట్లు పెట్టుకొనినవి. గోడ కట్టినందున బూటు తగవు తీరినది. ఇరుగుపొరుగు చూపునకు మాత్రము ఒకరి లేబులు మరియొకరికి కనబడుట మానినది. ఫైల్ సిస్టము అర్థమగును గాని అది యెచట ఆరంభమగునో తెలియదు. పార్టిషను మొదలును, నిడివిని కాగితముపై గుణించి తమ లేబులునందు చేతితో చేర్చుకొనుట అప్పటి వినియోగదారుల నిత్యవిధి. ఆ గుణకారము తప్పిన తరువాత ఫ్స్క్ నడుపుటయంత ఘోరమైన పని మరియొకటి లేదు.

ఫ్స్క్ అనునది డిస్కును పరీక్షించి, పొసగనివాటిని సవరించు కార్యక్రమము. తనకు తెలిసిన నియమములకు భిన్నముగా నున్నదెల్లయు దానికి దోషమే. 2003 జనవరిలో ఫ్రీబీఎస్‌డీ 5.0తో రెండవ తరపు ఫైల్ సిస్టము, యూఎఫ్ఎస్2, వచ్చినది: బ్లాకు చిరునామాలు 32 బిట్లనుండి 64 బిట్లకు, ఐనోడు 128 బైట్లనుండి 256 బైట్లకు పెరిగినవి, సూపర్‌బ్లాకు 8192వ బైటునుండి 65536వ బైటునకు జరిగినది. కెర్నలు ముందు కొత్త తావున వెదకి, లేనిచో పాత తావున వెదకును. పాత తరపు డిస్కునే 64 కిలోబైట్ల బ్లాకులతో నిర్మించినచో దాని మొదటి నకలు సూపర్‌బ్లాకు సరిగా ఆ 65536వ తావుననే పడును. నకలును చూచి అసలని భ్రమపడకుండుటకు వేఱే జాగ్రత్త అవసరమయ్యెను. నెట్‌బీఎస్‌డీ 2004లోను, ఓపెన్‌బీఎస్‌డీ 2007లోను ఈ రెండవ తరమును అందుకొనినవి. డ్రాగన్‌ఫ్లై దానిని విడిచి, 2008లో తన స్వంత హామర్‌ను నిర్మించుకొనెను.

వ్రాతల క్రమమును కాపాడు విధానములయందు చీలిక ఇంకను లోతైనది. మెక్‌క్యూసిక్, గ్రెగరీ గాంజర్ రూపొందించిన సాఫ్ట్ అప్‌డేట్స్‌ను మొదట అందఱును స్వీకరించిరి. 2009లో నెట్‌బీఎస్‌డీ చేయబోవు మార్పులను ముందుగా వ్రాసియుంచు తన జర్నలును తెచ్చుకొని, 2012లో సాఫ్ట్ అప్‌డేట్స్‌ను తొలగించెను. అదే 2012లో ఫ్రీబీఎస్‌డీ సాఫ్ట్ అప్‌డేట్స్‌కే వేఱొక జర్నలును జోడించెను. ఓపెన్‌బీఎస్‌డీ 2023లో వాటిని నిష్క్రియము చేసెను, జర్నలును తేలేదు. యంత్రము హఠాత్తుగా ఆగినప్పుడు ఒకరి జర్నలులో మిగిలిన పని మరియొకరికి కనబడదు. వారు ఆ డిస్కును మౌంటు చేసి నాలుగు ఫైళ్లు వ్రాసి తిరిగి యిచ్చినచో, ఫ్రీబీఎస్‌డీ ఫ్స్క్ ‘జర్నలు కాలముద్రయు, ఫైల్ సిస్టము మౌంటు కాలమును సరిపోలలేదు’ అని తెలిపి, జర్నలును ప్రక్కకు నెట్టి, డిస్కునంతటిని మొదటినుండి పరీక్షించును. ఈ విసుగుమోత్తనమే వినియోగదారునకు రక్ష. కాలము సరిచూడకుండ పాత జర్నలునే అమలుజరిపియున్నచో సొమ్ము పోయెడిది.

బైటుల వరుసకు మాత్రము 1990ల చివర నెట్‌బీఎస్‌డీవారే మందు కనిపెట్టిరి. బహుజాతి యంత్రములపై నడచుట వారి కులవిద్య గనుక ఆ బాధ వారికే ఎక్కువ. ఎదురు వరుసలో వ్రాయబడిన డిస్కునైనను చదివి వ్రాయగల వికల్పమును వారు కెర్నలునందు చేర్చిరి. గుర్తుసంఖ్య తలక్రిందులుగా కనబడినచో తక్కిన సంఖ్యలన్నియు తలక్రిందులే యని గ్రహించుట దాని సూత్రము. పుట్టినరోజు ఇచ్చట నిజముగా అక్కఱకు వచ్చినది.

తక్కినవారు తటస్థభూమిని వెదకికొనిరి. ఫ్యాట్ అను ఫైల్ సిస్టము ఎల్లరకును అర్థమగును. అందు యజమాని లేడు, అనుమతులు లేవు, సింబాలిక్ లింకులు లేవు. లినక్స్ వారి ఎక్స్ట్2, 1993లో బర్క్‌లీ ఊహలను స్మరించుచు పుట్టినదై, ఎప్పుడును చిన్న బైటు ముందుంచునదై యుండుటచే, బీఎస్‌డీ సోదరులు తమ ఇంటి భాషను విడిచి దానియందు మాటలాడుకొనుట కూడ జరిగినది. అదియు కుదురనిచో పార్టిషనుపై ఫైల్ సిస్టమే లేకుండ ఫైళ్లనన్నిటిని ఒకే మూటగా కట్టిన టార్ సంచికను నేరుగా వ్రాసి, అవతలివైపున విప్పుకొనుట. ఏడవ సంచికతో వచ్చిన టార్ ఇన్ని చీలికలకును చెక్కుచెదరలేదు.

సన్ వారు 2001లో ఆరంభించి 2005లో మూలముతో సహా విడుదల చేసిన జెడ్ఎఫ్ఎస్ అను ఫైల్ సిస్టము ఈ చరిత్రకు వేఱొక మలుపు. జెఫ్ బాన్‌విక్, మాథ్యూ అహరెన్స్ దీనిని నిర్మించునప్పుడే, ప్రతి బ్లాకు చిరునామాతోపాటు అది యే బైటుల వరుసలో వ్రాయబడినదో ఒక బిట్టున సూచించిరి. 2007లో పావెల్ యాకుబ్ డావిడెక్ దీనిని ఫ్రీబీఎస్‌డీకి తరలించెను. 2010లో ఆరకిల్ సన్‌ను కొని, ఆ యేడే మూలమును మూసివేసెను. అప్పటికి బహిరంగముగా నున్న ఆఖరి సంచిక 28. ఇకమీదట 29వ సంఖ్యను ఎవరు ఏ యర్థమున వాడుదురు? బయటివారు ఏడ్పు మాని చక్కని పని చేసిరి: 28నుండి ఒక్క గెంతున 5000కు పోయి, సంఖ్యలతో సంబంధము తెంచుకొని, ప్రతి కొత్త లక్షణమును పేరుతోను, కల్పించిన సంస్థ పేరుతోను డిస్కుపై నమోదు చేయు పద్ధతిని పెట్టిరి. ఆ జాబితాలు రెండు. చదువుటకు తప్పనిసరిగా తెలియవలసినవి ఒకదానియందు, వ్రాయుటకు మాత్రము తెలియవలసినవి రెండవదానియందు. మొదటి జాబితాలో తెలియనిదొకటి వాడుకలో నున్నచో డిస్కును తెఱువరు. రెండవదానియందు మాత్రమే తెలియనిదున్నచో చదువుటకు మాత్రము తెఱతురు. బర్క్‌లీ సూపర్‌బ్లాకుకు ఈ మాట 1983లోనే చెప్పగలవారుండిన, ఇంత గ్రంథము నడువకపోవును. ఐనను విడిపోవుదుమని తెలిసి ఎవ్వరును కాపురము మొదలిడరు.

2020 నవంబరులో ఓపెన్‌జెడ్ఎఫ్ఎస్ 2.0తో లినక్స్, ఫ్రీబీఎస్‌డీల మూలములు ఏకమైనవి. మఱుసటి యేడు ఏప్రిల్‌లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 13.0 దానినే వాడెను. ఒక యంత్రమున ‘ఎక్స్‌పోర్ట్’ చేసి, డిస్కును విప్పి, మరియొక యంత్రమున ‘ఇంపోర్ట్’ చేయుట నేడు సామాన్యమైన పని. ఎక్స్‌పోర్ట్ చేయుట మఱచినచో ఇది వేఱొక వ్యవస్థ వాడుకలో నుండవచ్చునని హెచ్చరించి, బలవంతము చేసిననే గాని తెఱువదు. నెట్‌బీఎస్‌డీ 9లోని జెడ్ఎఫ్ఎస్ పాత ఫ్రీబీఎస్‌డీ మూలమునుండి వచ్చినది గనుక, దానితో పంచుకొనగోరువారు కొత్త లక్షణములను ఆపియుంచియే డిస్కును నిర్మింపవలెను. ఓపెన్‌బీఎస్‌డీ ఆ లైసెన్సును ఒప్పుకొనక దూరముగానే యున్నది. దానితో ఫ్రీబీఎస్‌డీకి ఒకే డిస్కుపై పొత్తు కావలెనన్నవారు జర్నలు లేని ఫైల్ సిస్టమును శుభ్రముగా విప్పి, అవతలివైపున చదువుటకు మాత్రమే మౌంటు చేయుట మేలు.

నెట్‌బీఎస్‌డీ 2024 మార్చిలో పదవ సంచికను వెలువరించుచు, రెండవ తరపు ఫైల్ సిస్టమునకు అదనపు లక్షణపట్టికలను వ్రాయు శక్తిని చేర్చెను. ఆ పట్టికలను ఎఱుగని పాత కెర్నళ్లును, పాత ఫ్స్క్‌లును అట్టి డిస్కును తెఱచి చెఱుపకుండ, దానికి వేఱొక గుర్తుసంఖ్యనే ఇచ్చిరి.